మీరొస్తే గెంతదండీ

"మీరు నా లాప్‌టాప్‌లో ఎక్కించింది పెంగ్విన్నా, కోతినా?"

ఫోన్ ఎత్తీ ఎత్తగానే, హలో అన్న మర్యాదైనా లేకుండా వచ్చిపడిన ప్రశ్న ఇది. అతను లైబ్రరీలో కంప్యూటర్లు చూసుకుంటాడు. అక్కడ గట్టిగా మాట్లాడకూడదని గోడకు అతికించిన కాగితం కూడా అతను ప్రింటు తీసిందే. అందుకని ఫోన్ చెవికి నొక్కుకుని పుస్తకాల బీరువాల వెనక్కి నడిచాడు.

"ఎవరండీ?"

"అప్పుడే మరిచిపోయారా? ఆ ఆదివారం పాత లాప్‌టాప్ పట్టుకొచ్చాను. దీనికి ఆయుష్షు పోస్తానన్నారు."

మరిచిపోవడమా! ఆదివారాల్లో అతను లైబ్రరీలోనే ఒక మూల బల్ల వేసుకుని, నత్తనడక నడిచే పాత లాప్‌టాప్‌లలో ఉచితంగా, విండోస్ బదులు లైనక్స్ అనే తేలికపాటి సిస్టమ్ ఎక్కించి ఇస్తాడు. లైనక్స్ గుర్తు పెంగ్విన్. తోటి ఉద్యోగులు అతన్ని పిలిచేదీ ఆ పేరుతోనే. బల్ల ముందుకు వచ్చేవాళ్లలో సగం మంది "పాస్‌వర్డ్ మర్చిపోయాం బాబూ" అనేవాళ్లు. "ఆయుష్షు పోస్తానన్నారు సరే, ఇది పోతే మీ పేరు చెప్పుకుని ఏడవొచ్చా?" అని అడిగింది మాత్రం ఈమె ఒక్కతే. అడిగి నవ్వలేదు కూడా. ఆ నవ్వని ముఖం ఆనాటి నుంచీ అతని పనికి అడ్డం పడుతూనే ఉంది.

"గుర్తొచ్చారండీ. ఏమైంది?"

"తెర మీద బాణం గెంతుతోంది. నేను ఇక్కడ టైపు చేస్తుంటే అది ఒక్క ఎగురు ఎగిరి పై పేరాలో కూర్చుంటోంది. నేను చూసుకోకుండా కొట్టుకుపోతున్నాను. ఒక్కోసారి వాక్యానికి వాక్యం ఈడ్చుకెళ్లి ఇంకోచోట పారేస్తోంది."

"మౌస్ పెట్టి చూశారా?"

"మణికట్టు వాచిందని డాక్టరుగారు మౌస్ ముట్టుకోవద్దన్నారు. మీ దగ్గరికి రాబోయే ముందే ఆ ముచ్చటా తీరింది. ఇప్పుడు నాకు కీల కింద వేలితో రుద్దే ఈ ట్రాక్‌ప్యాడే గతి. ఇది తెలిసి కూడా అందరూ 'మౌస్ కొనుక్కోరాదూ' అంటారు. మీరు తెలియక అన్నారు కాబట్టి వదిలేస్తున్నాను."

ఆమె అనువాదకురాలు. మిక్సీలతో, కుక్కర్లతో వచ్చే సూచనల పుస్తకాలు, మందుల పెట్టెల్లో మడతపెట్టి ఉండే కాగితాలు తెలుగు చేస్తుంది. ఇంట్లోనే పని. రెండు మూడు ఫైళ్లు పక్కపక్కన తెరుచుకుని చేస్తుంది.

"నిన్న కుక్కర్ పుస్తకం పంపబోతూ ఇంకోసారి చదివాను కాబట్టి బతికిపోయాను. ఏముందో తెలుసా? 'మూత తెరిచే ముందు ఆవిరి పూర్తిగా పోనివ్వండి. అయినా దగ్గు తగ్గకపోతే పిల్లల డాక్టరుకు చూపించండి.'"

అతనికి నవ్వాగలేదు. పుస్తకాల బీరువాకు ముఖం ఆనించుకుని నవ్వాడు.

"నవ్వండి, నవ్వండి. అంతకుముందు ఇలాంటిదొకటి వెళ్లనే వెళ్లింది. ఇంకొక్కటి వస్తే పని వేరేవాళ్లకు ఇచ్చేస్తామన్నారు మా కంపెనీవాళ్లు."

నవ్వు ఆగిపోయింది. "సాయంత్రం వస్తాను. ఇల్లెక్కడో చెప్పండి," అన్నాడు.

* * *

తలుపు తీసింది ఆమె అమ్మమ్మ. మనిషి పొట్టి, చూపు పొడుగు. చెప్పులు విడిచే లోపలే అతన్ని నఖశిఖ పర్యంతం చదివేసి, "రా నాయనా, రోగి ఆ గదిలో ఉంది," అంది.

కిటికీ పక్కన చిన్న బల్ల. బల్ల మీద లాప్‌టాప్. దాని ముందు, మణికట్టుకు పట్టీతో, నవ్వని ముఖం.

అతను కూర్చుని, వైరు పీకి పక్కన పెట్టి, లాప్‌టాప్‌ను ఒళ్లోకి తీసుకుని ట్రాక్‌ప్యాడ్ మీద వేలు నడిపించాడు. బాణం వెన్న మీద కత్తిలా జారింది. పేరాగ్రాఫు టైపు చేశాడు. ఒక్క అక్షరం పక్కకు పోలేదు.

"గెంతడం లేదే?"

"గెంతుతుంది. ఉండండి."

పాలెప్పుడు పొంగుతాయా అన్నట్టు ముగ్గురూ తెర మీదికి వంగి చూశారు. పాలు పొంగలేదు. అతను మొహమాటం కొద్దీ నల్ల తెర తెరిచి, టైపు చేసేటప్పుడు అరచెయ్యి తగిలినా పట్టించుకోవద్దని ట్రాక్‌ప్యాడ్‌కు నాలుగు ఆజ్ఞలు రాశాడు.

"ఏం నాయనా, ఇంకా బొమ్మ రాలేదా?" అంది అమ్మమ్మ ఆ నల్ల తెరను చూసి.

"ఇది ఇంతేనండీ, బొమ్మ ఉండదు."

"బొమ్మ లేకుండా ఇంతసేపు చూస్తున్నావంటే నీకు ఓపిక ఎక్కువే. ఇలాంటివాళ్లు కాపురాలు బాగా చేస్తారు."

"అమ్మమ్మా!" అంది ఆమె.

అతను మెట్లు దిగి, వీధి మలుపు తిరిగాడో లేదో ఫోన్ మోగింది.

"మళ్లీ మొదలెట్టింది!"

రెండోసారి వెళ్లాడు. కూర్చున్నాడు, వైరు పీకాడు, ఒళ్లో పెట్టుకున్నాడు. మళ్లీ అదే వరస. బాణం బడికి కొత్తగా వచ్చిన పిల్లలా బుద్ధిగా ఉంది. ట్రాక్‌ప్యాడ్ డ్రైవర్ తీసి ఇంకో డ్రైవర్ పెట్టాడు. ఆఫ్ చేశాడు, ఆన్ చేశాడు. లాప్‌టాప్‌ను తిరగేసి మరలు బిగించాడు. వదులైన మర ఒక్కటీ లేదు, బిగించినట్టు నటించాడంతే.

ఆమె చేతులు కట్టుకుని నిలబడి చూస్తోంది.

"మీరొస్తే గెంతదండీ," అంది చివరికి. "మీ ముందు పతివ్రతలా కూర్చుంటుంది. మీరటు వెళ్లగానే నా ప్రాణం తీస్తుంది."

ఆ మాటలో ఉన్నది శుద్ధమైన విసుగు. కానీ మగవాడి చెవికి ఒక జల్లెడ ఉంటుంది. విసుగు పైన ఉండిపోయి, 'మీరొస్తే' అన్న ఒక్క ముక్క మాత్రం కిందికి రాలింది.

* * *

"మీరొస్తే గెంతదంది," అని అక్కతో చెప్పాడు ఆ పూట అన్నం తింటూ. అక్కా బావల ఇంటి మేడ మీద గది అతనిది.

అక్క గరిటె అలాగే పట్టుకుని నిలబడిపోయింది. "ఏదీ, ఆ అమ్మాయి ఎలా అందో అలాగే అను."

అన్నాడు. కొంచెం తీపి కలిపి అన్నాడు.

"ఒరేయ్ మొద్దూ! బాగానే ఉన్న వస్తువును బాగుచెయ్యమని రెండుసార్లు ఇంటికి పిలిచిందంటే అర్థం ఏమిట్రా?"

"ఏమిటి?"

"నీ మొహం. చెడిపోయింది లాప్‌టాప్ కాదు."

"ఛ, ఊరుకో అక్కా. ఆవిడ అలాంటి మనిషి కాదు. నవ్వను కూడా నవ్వదు."

"నవ్వేవాళ్లను నమ్మకు. నవ్వనివాళ్లే గట్టివాళ్లు. మీ బావను మూడేళ్లు నేను పలకరించనన్నా పలకరించలేదు, తెలుసా?"

"అదృష్టవంతుణ్ని, ఆ మూడేళ్లూ హాయిగా ఉన్నాను," అన్నాడు బావ పేపరు వెనక నుంచి.

అతను ఊరుకోమన్నాడే గానీ, ఆ మాట లోపల ఊరుకోలేదు. మర్నాడు అద్దం ముందు రోజుకన్నా ఎక్కువసేపు నిలబడ్డాడు.

మూడో ఫోన్ లైబ్రరీ సెలవు రోజున వచ్చింది. "ఇప్పుడే గెంతింది. తీరికుంటే రండి," అంది. ఈసారి గొంతులో కోపం లేదు. అతను చొక్కా ఇస్త్రీ చేసుకుని మరీ వెళ్లాడు.

ఆ వీధిలో తీగలు మారుస్తున్నారట, ఫ్యాను తిరగడం లేదు. కిటికీలు బార్లా తెరిచి ఉన్నాయి. అమ్మమ్మ మంచం మీద కునుకు తీస్తోంది. ఆమె కాఫీ ఇచ్చింది. తనూ ఎదురుగా కూర్చుని తాగింది. మొన్నటి కుక్కర్ పుస్తకం క్షేమంగా చేరిందని చెప్పింది. మిక్సీ పుస్తకంలో 'బ్లేడుతో ఆటలాడరాదు' అని రాయాలా, 'ఆడుకోకూడదు' అని రాయాలా అని అడిగింది. అతను చాలా ఆలోచించి 'పిల్లలకు అందనివ్వకండి' అంటే సరిపోతుందేమో అన్నాడు. అప్పుడు నవ్విందామె. మొదటిసారి.

ఆ నవ్వు చూశాక అతనికి ధైర్యం వచ్చింది. ధైర్యం వచ్చినప్పుడు మనిషి నోరు మూసుకోవాలని ఎవరూ అతనికి చెప్పలేదు. లాప్‌టాప్ తీసుకుని అటూ ఇటూ వేలు తిప్పాడు. బాణం మామూలుగానే ఉంది.

"ఏమండీ," అన్నాడు చిలిపిగా. "ఇంకా ఈ ట్రాక్‌ప్యాడ్ వంక ఎందుకు? ఊరికే రమ్మన్నా వస్తాను కదా!"

ఆమె ముఖంలో నవ్వు దీపం ఆర్పినట్టు పోయింది. చెవులు ఎర్రబడ్డాయి.

"వంకా?"

"అహ, అంటే..."

"నేను అబద్ధాలాడి మిమ్మల్ని ఇంటికి రప్పించుకుంటున్నాననా మీ ఉద్దేశం? అక్కడ నా పని పోయేలా ఉందని మొత్తుకుంటుంటే, మీకు ఇక్కడ వంకలు కనిపిస్తున్నాయా?"

"నేను సరదాకి అన్నానండీ."

"సరదా! ఒక్కసారంటే ఒక్కసారైనా నేను చెప్పింది నమ్మారా మీరు? ప్రతిసారీ పైకి ఏవో మరలు బిగిస్తారు, లోపల నవ్వుకుంటారు."

మరల సంగతి కనిపెట్టేసిందని అతనికి అప్పుడు తెలిసింది.

"రేపు దీన్ని దుకాణానికి పట్టుకెళ్లి మీ పెంగ్విన్‌ను దింపించేస్తాను. మళ్లీ నత్తలా నడిచినా ఫరవాలేదు. నత్త నన్ను ఎగతాళి చెయ్యదు. వెళ్లిరండి."

తలుపు గట్టిగా వెయ్యలేదు. నెమ్మదిగా వేసింది. గట్టిగా వేసినా బాగుండేది.

* * *

"అంతా నువ్వే చేశావు," అన్నాడు అక్కతో.

"నేను ఊహించుకోమన్నానుగానీ పైకి కూయమన్నానా?" అంది అక్క. కానీ తమ్ముడి ముఖం చూసి వచ్చి పక్కన కూర్చుంది. "అంత నచ్చిందా?"

అతనికి నచ్చడం సంగతి అటుంచి, 'ఒక్కసారైనా నమ్మారా' అన్న మాట ముల్లులా దిగబడింది. నిజమే, నమ్మలేదు. గెంతడం తన కంటితో చూడలేదు కాబట్టి గెంతలేదనుకున్నాడు. ఇప్పుడు నమ్మి చూద్దామనుకున్నాడు. ఆమె చెప్పింది నిజం. తాను చూసిందీ నిజం. తాను ఉంటే గెంతదు, లేకపోతే గెంతుతుంది. అయితే తనలో ఏముంది?

"అక్కా, నేను కంప్యూటర్ ముందు కూర్చుంటే ఏం చేస్తాను?"

"నెత్తి గోక్కుంటావు."

"అది కాదే. మొట్టమొదట?"

"మొట్టమొదట ఏముంది, వైరు పీకుతావు. కంప్యూటరే ఏమిటి, ఇస్త్రీపెట్టె అయినా, మిక్సీ అయినా నువ్వు పీకందే ముట్టుకోవుగా. చిన్నప్పుడు రేడియో విప్పబోయి షాక్ కొట్టించుకున్నావని, ఏది ముట్టుకున్నా ముందు వైరు పీకరా అని నీ వీపు మీద రెండేసి మరీ నేర్పాను. నేను అలవాటు చేసిందే..."

అతను అప్పటికే లేచి నిలబడ్డాడు. "అక్కా! నువ్వే చేశావు! నిజంగానే నువ్వే చేశావు!"

"మళ్లీ నా మీదకే వచ్చాడు," అంది అక్క బావతో.

* * *

మర్నాడు పొద్దున్నే, దుకాణాలు తెరవకముందే వెళ్లి తలుపు తట్టాడు. ఆమె తీసింది. లాప్‌టాప్ అప్పటికే సంచిలో ఉంది.

"ఏం కావాలి?"

"అయిదు నిమిషాలు. బాగుచెయ్యడానికి రాలేదండీ. దాన్ని గెంతించడానికి వచ్చాను."

ఆమె తలుపు పట్టుకునే నిలబడింది. అతని ఇస్త్రీ లేని చొక్కా వంక, చేతిలో చుట్టచుట్టిన పొడుగాటి వైరు వంక చూసింది. దారి ఇచ్చింది.

"నేను ముట్టుకోను. మీరు రోజూ ఎలా చేసుకుంటారో అలా కూర్చోండి, అంతే," అన్నాడు అతను చేతులు వెనక్కి కట్టుకుని.

ఆమె లాప్‌టాప్ బల్ల మీద పెట్టి, ఛార్జరు ప్లగ్గులో గుచ్చి టైపు చెయ్యసాగింది. ఒక వాక్యం అయింది. రెండో వాక్యం సగంలో ఉండగా, బాణం ఒక్క గెంతు గెంతి పేజీ నెత్తిన కూర్చుంది.

"గెంతింది!" అని కేక వేశాడతను. "గెంతిందండీ! మీరు చెప్పింది నిజం! ఎంత బాగా గెంతిందో!"

వంటింట్లోంచి అమ్మమ్మ పరుగున వచ్చింది. "ఏమిటి నాయనా, ఏం దొరికింది?"

"నా పని చెడుతుంటే మీకింత సంబరమా?" అంది ఆమె. అయినా పెదవి చివర ఏదో కదిలింది.

అతను ఛార్జరు చూపించాడు. దాని పిన్నుకు మూడు కాళ్లు. గోడకున్న పాతకాలం ప్లగ్గుకు రెండే రంధ్రాలు. మధ్యలో ఒక చిన్న బిళ్ల పెట్టి మూడో కాలిని ఎగరగొట్టేశారు.

"ఆ మూడో కాలు ఎర్త్ అండీ. ఛార్జరు నుంచి చిటికెడు కరెంటు లాప్‌టాప్ ఒంట్లోకి వస్తూ ఉంటుంది. అది పోవడానికి ఇక్కడ దారి లేదు. దాంతో ట్రాక్‌ప్యాడ్‌కు మతి చెదిరి, లేని వేలు ఉన్నట్టు అనుకుంటోంది. నేనేమో వచ్చీ రాగానే వైరు పీకేస్తాను. అదీ నా అలవాటు. ఇంకెక్కడ గెంతుతుంది?"

"అంటే మీ పెంగ్విన్ తప్పేం లేదు."

"దాని తప్పు లేదు. మీ తప్పూ లేదు. ఇక మిగిలింది నేనొక్కణ్నే."

ఫ్రిజ్ పక్కన మూడు రంధ్రాల ప్లగ్గు కనిపించింది. తెచ్చిన పొడుగు వైరును అక్కడ గుచ్చి, గోడ వెంబడి గదిలోకి లాగాడు. ఆమె మళ్లీ టైపు చేసింది. పేజీ నిండింది. బాణం పెట్టినచోట ఉంది.

పని అయిపోయింది. ఇక ఇక్కడికి రావడానికి తనకు కారణం లేదని అతనికి తెలుసు. వైరు కాళ్లకు తగలకుండా బల్ల కింద సర్దే నెపంతో ఇంకాసేపు నేల మీదే కూర్చున్నాడు.

"క్షమించండి," అన్నాడు బల్ల కింద నుంచే. "మొదటిరోజే మీ మాట నమ్మి ఉంటే మొదటిరోజే తేలిపోయేది. మీరు చెప్పింది వినకుండా నాకు కావలసింది విన్నాను."

"మీకు కావలసింది ఏమిటి?"

అతను బయటికి వచ్చాడు. నెత్తికి బల్ల తగిలింది. రుద్దుకుంటూ అన్నాడు, "మీరు లాప్‌టాప్ కోసం కాకుండా నా కోసం పిలిస్తే బాగుండునని. లేనిది ఉన్నట్టు అనుకున్నాను. ఈ ట్రాక్‌ప్యాడ్ లాగే."

ఆమె పట్టీ కొసను వేలితో చుడుతూ ఉండిపోయింది.

"అయితే బాబూ," అంది గుమ్మంలో నిలబడిన అమ్మమ్మ, "ఛార్జరు పెట్టకపోతే ఇది గెంతనే గెంతదా?"

"గెంతదండీ. బ్యాటరీ మీద ఎంతసేపున్నా గెంతదు."

"మరి నిన్న పొద్దున్నుంచీ కరెంటే లేదు కదుటే? నువ్వేమో ఇప్పుడే గెంతిందని ఫోన్ చేశావు. ఎలా గెంతింది?"

అతను ఆమె వైపు చూశాడు. ఆమె లాప్‌టాప్ వైపు చూసింది. లాప్‌టాప్ ఎవరి వైపూ చూడకుండా బుద్ధిగా ఉంది. ఆమె చెవులు నిన్నటిలాగే ఎర్రబడ్డాయి.

"అమ్మమ్మా, పొయ్యి మీద ఏదో మాడుతోంది."

"పొయ్యి ఇంకా వెలిగించలేదే, మాడడానికి," అంది అమ్మమ్మ. అని, ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. ముసలి కళ్లలో వెలుగు మెల్లగా ఎక్కింది. "సరే, వెలిగిస్తాను. మాడేదాకా పిలవకండి." వెళ్తూ వెళ్తూ వెనక్కి తిరిగి, "నా ఇంట్లో అబద్ధాలాడితే నాకు ఒళ్లు మండిపోతుంది నాయనా. దీన్ని చిన్నప్పుడు ఇంతకన్నా చిన్నవాటికే గోడకుర్చీ వేయించాను. ఈ ఒక్కటీ మాత్రం నేను వినలేదు," అంది.

అతను నెమ్మదిగా అడిగాడు. "నిన్నటిది వంకేనా?"

"అవును."

"మరి అంత కోపం?"

ఆమె తల ఎత్తింది. "రాదా? రెండుసార్లు నిజం చెబితే నమ్మలేదు. ఒక్కసారి అబద్ధం చెబితే ఠక్కున పట్టేసుకున్నారు! మొదటి రెండుసార్లూ నా పని పోతుందనే భయంతోనే పిలిచాను. నిన్న పొద్దున కరెంటు పోయింది, పని లేదు. ఊరికే కూర్చుంటే మీరు ఆ మరలు బిగించడం గుర్తొచ్చింది. ఊరికే పిలవడానికి నాకు మొహం చెల్లలేదు. మీరేమో అదే మాట నా మొహాన అనేశారు."

"మరలు బిగించడం గుర్తొచ్చిందా?"

"వదులుగా లేని మరలు అంత శ్రద్ధగా బిగించే మనిషిని నేనెక్కడా చూడలేదు."

ఇద్దరూ ఒకేసారి నవ్వారు. వంటింట్లోంచి, "వింటున్నాననుకునేరు, వినడం లేదు," అని వినిపించింది.

లైబ్రరీకి వేళ మించిపోయింది. అతను గుమ్మం దాకా వచ్చి ఆగాడు. "మళ్లీ రావచ్చా అండీ?"

"ఏం చెడిపోయిందని?"

"ఏమీ చెడిపోలేదనే."

"చూసి చెబుతాను," అంది ఆమె, మామూలు నవ్వని ముఖంతో.

అతను ఆ 'చూసి' అనే మాటను మధ్యాహ్నం దాకా అటు తిప్పీ ఇటు తిప్పీ చూసుకున్నాడు. చూసేదేముంది ఇందులో? ఇద్దరు మనుషులు వచ్చి పాస్‌వర్డ్ పనిచెయ్యడం లేదంటే, ఒకరిది ఇంకొకరికి మార్చి ఇచ్చాడు. మూడు దాటాక ఫోన్ మెరిసింది.

"రేపు సాయంత్రం రా."

చదివాడు. మళ్లీ చదివాడు. ఈ అమ్మాయి కామా పడిపోయినా పడుకోదు. అనువాదాల్లో సున్నా తప్పినా వెనక్కి వెళ్లి దిద్దుకునే మనిషి.

"రండిలో 'ండి' ఏమైంది? మళ్లీ బాణం గెంతి చెరిపేసిందా?" అని పంపి, తెర వంకే చూస్తూ కూర్చున్నాడు.

జవాబు వెంటనే వచ్చింది.

"లేదు. నేనే తీసేశాను."